ఆగిన మిషన్‌ను ముట్టుకోవద్దు

రాయ్‌పూర్ వెళ్ళొచ్చానంటే మా ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ చూడ్డానికేముంది?" అని. కంప్యూటర్లు ఆగిపోతుంటే చూడ్డానికి వెళ్ళానన్నాను. రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదని, అది అక్కడక్కడా పైకి పొంగుతుందని ముందే చెప్పేస్తే మంచిది.

విశాఖపట్నంలో నాకు ఉద్యోగం ఒకటి ఉంది. జీతం దానికే వస్తుంది. సాయంత్రాలు మాత్రం ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఊడిగం చేస్తాను. అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. మాది దేశదేశాల వాళ్ళు కలిసి రాసుకునేది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. అది ఎక్కడైనా కుప్పకూలితే వాడేవాళ్ళు ఫిర్యాదు పంపుతారు. వాటిని చదివి, పనికొచ్చేవి ఏరి, బాగుచేసేవాళ్ళకు అందించడం నా పని.

రాయ్‌పూర్ నుంచి పద్మ అనే ఆవిడ పంపిన ఫిర్యాదులు మాత్రం పనికొచ్చేవి కావు. "సిస్టమ్ ఆగిపోయింది, దయచేసి చూడండి" అని ఒకటి. "మళ్ళీ ఆగిపోయింది, ఆడవాళ్ళు ఖాళీగా కూర్చున్నారు" అని ఇంకొకటి. మూడోది ఇంకా పొట్టిది. ఏ పని చేస్తుంటే ఆగింది, సిస్టమ్ ఎన్నో కూర్పు, అంటే ఏ వెర్షన్, తెర మీద ఏ అక్షరాలు వచ్చాయి, అప్పుడు కంప్యూటర్‌కు ఏమేం తగిలించి ఉన్నాయి, మళ్ళీ అలాగే చేస్తే మళ్ళీ ఆగుతుందా, ఇవేవీ లేవు. ఇవి లేకుండా ఎంత గొప్పవాడైనా ఏమీ చెయ్యలేడు. ఒప్పుకుంటాను.

కానీ మా బృందంలో బాగుచేసే విభాగం చూసే పెద్దమనిషి ఏం చేశాడో కూడా వినండి. మూడిటికీ ఒకే ఒక ముక్క అంటించాడు: సమాచారం చాలదు, మూసివేయడమైనది. నేను తెరిస్తే మళ్ళీ మూశాడు. ఆమెను ఒక్క ప్రశ్న అడగడానికి అతనికి వేళ్ళు రాలేదు. ఒళ్ళుమండి, ఆ ఫిర్యాదులోనే ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేశాను. అవతల తెలుగు వినబడింది, అదీ మా శ్రీకాకుళం తెలుగు.

"నెలాఖరులోగా బాగవకపోతే గది పోతాదక్కా," అంది పద్మ. ఆమె రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో, కార్ఖానా కూలీల ఇళ్ళ ఆడవాళ్ళకు కంప్యూటర్ నేర్పుతుంది. గది ఉర్లా పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ ఉన్న ఒక సేఠ్‌ది. మిషన్లు ఆగిపోతుంటే ఆడవాళ్ళు మానేస్తున్నారు, ఆడవాళ్ళు రాకపోతే గదిలో తాళం వేసి సరుకు పెట్టుకుంటానని సేఠ్ చెప్పేశాడు. నేను సెలవు పెట్టి రైలెక్కాను.

టిట్లాగఢ్ దాకా

విజయనగరం దాటాక కొండలు, రాయగడ దాటాక ఇంకా కొండలు. నా ఎదుటి సీట్లో ఇనుప కడ్డీల వ్యాపారం చేసే పార్వతీపురం ఆయన. బొబ్బిలి రాకముందే నా పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేశాడు.

"ఇంతకీ మీరు అమ్మేదేటండి?"

"ఏమీ అమ్మనండి. ఉచితం."

"అమ్మరు. మరి పాడయితే మీ టికెట్ మీరే ఎట్టుకుని రిపేరుకి పోతన్నారు." ఆయన ముందుకు వంగి, "ఇంట్లో వాళ్ళకి తెలుసా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నన్ను ఇదివరకు చాలామంది అడిగారు గానీ ఇంత జాలిగా ఎవరూ అడగలేదు. టిట్లాగఢ్‌లో ఆయనే దిగి మినప బారా, బఠాణీ కూరలాంటి ఘుగ్నీ ఆకు దొన్నెల్లో తెచ్చి, డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఉచితంగా పనిచేసేదాని దగ్గర డబ్బు తీసుకోకూడదని ఆయన నిర్ణయించుకున్నట్టుంది. మన గారెలో అల్లం ఉంటుంది, అక్కడి బారాలో ఇంగువ. ఘుగ్నీ మాత్రం మనకు లేకపోవడం నష్టమే.

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ

పద్మ మేనమామ గోవిందరావుగారి ఇంట్లో నా బస. గూడ్సు వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు వాళ్ళ కాలనీ అది. ఆయన రిటైరయ్యారు, ఇప్పుడు కొడుకు అక్కడే పనిచేస్తున్నాడు. మూడు తరాలుగా అక్కడే ఉన్న ఇళ్ళలో తెలుగు మధ్యలో హిందీ అడక్కుండానే వచ్చేస్తుంది. గుమ్మానికి మామిడాకులు, లోపల టీవీలో ఛత్తీస్‌గఢీ పాటలు.

నాకు పూరీలు, ఖీరు, రెండు కూరలు వడ్డించారు. పక్కన గోవిందరావుగారు మాత్రం గిన్నెలో బాసీ తింటున్నారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకునేదే బాసీ. మన చద్దన్నమే. నాక్కూడా అదే పెట్టమన్నాను. మెహమాన్‌కు, ఇంటికొచ్చిన అతిథికి, బాసీ పెట్టడమేమిటని ఇంటిల్లిపాదీ నొచ్చుకున్నారు. ఇంకో పూరీ వేశారు.

అప్పుడే పద్మ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి, నవ్వు ముఖం. కూర్చుంటూనే శుభవార్త చెప్పింది.

"అక్కా, మీరొస్తన్నారనీసి నిన్నంతా కూకొని మిషన్లన్నీ సాఫ్ చేసీసినాం. అన్నిట్లోనూ సిస్టం కొత్తగా ఎక్కించీసినాం. పాతదేటీ లేదు."

"పాతదేమీ లేదా?"

"ఒక్క ఫైలు కూడా ఉంచలేదక్కా," అంది గర్వంగా.

పూరీ ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. మిషన్ ఆగిపోయే ముందు ఏం జరిగిందో కొంతైనా దాని కడుపులో రాసి ఉంటుందనే ఆశతోనే కదా ఇంత దూరం వచ్చాను. ఆ కడుపంతా కడిగేసి పెట్టారు. తిండి పెట్టిన ఇల్లని కూడా చూడకుండా అరిచాను.

"దొంగలు పడ్డ ఇంటికి పోలీసులొస్తున్నారంటే ఇల్లు కడిగి ముగ్గేసి కూర్చుంటావా పద్మా?"

గోవిందరావుగారు గిన్నె పక్కన పెట్టారు. "తప్పేటమ్మా అందులో? మా షాపుకి సిక్ వ్యాగన్ వస్తే, సిక్ అంటే పాడైంది, లోపలున్న బొగ్గో సిమెంటో శుభ్రంగా ఊడ్చీసి గాని మిస్త్రీ చెయ్యెయ్యడు. మురికి పెట్టి పంపితే తిడతాడు. నా నౌకరీ అంతా అలగే చేసినాం. ఇంటికి రిపేరోళ్ళొస్తే తుడిసి ఉంచరా?"

ఆ కాలనీలో పుట్టి పెరిగిన పిల్లకు రిపేరంటే ముందు ఊడవడం. మా పనిలో ఆ చెత్తే ఆధారమని ఆమెకు ఎవరు చెప్పారు? నేను ఆ మాట అనేలోపే పద్మ అనేసింది. నవ్వు పోయింది.

"తుడవొద్దని మీవోళ్ళు ఎప్పుడైనా చెప్పినారా అక్కా? సమాచారం చాలదు, బంద్. ఏటి చాలదో ఒక్కడు అడిగినాడా? ఎవలింటికెళ్ళి తలుపు కొట్టినా, ఏటి కావాలమ్మా అని ఒక మాటైనా అంటారు. మూడు సార్లు కొట్టినాను నాను."

నా కోపం అలాగే ఉంది గానీ అది ఎవరి మీద ఉండాలో ఆ పిల్లే సరిచేసింది. మిగిలిన పూరీ తిన్నాను.

బీర్‌గావ్

మర్నాడు షేరింగ్ ఆటోలో బీర్‌గావ్. తెల్ల చుడీదార్ వేసుకున్నాను. ఇది ఆ ప్రయాణంలో నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని. ఉర్లా పొగగొట్టాల నుంచి నల్లటి నుసి రాలుతూనే ఉంటుంది. దండెం మీది బట్టల మీద, అమ్మకానికి పెట్టిన జామకాయల మీద, పిల్లల ముక్కుల్లో. విశాఖలో మేమూ ఓడరేవు బొగ్గు దుమ్ము పీలుస్తాం, దాని మీద అర్జీలు పెడతాం, అరుస్తాం. ఇక్కడ జామకాయలమ్మే ఆవిడ నుసిని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది, అదేదో కాయతో పాటు పుట్టిందన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాయ మాత్రం తియ్యగా ఉంది.

గది చిన్నది. గోడ వెంట ఎనిమిది పాత కంప్యూటర్లు, ఫ్యాక్టరీ ఆఫీసులు వద్దని పారేసినవి. నా కోసం ప్రతి బల్ల మీదా ప్లాస్టిక్ పూల గుత్తి పెట్టారు. నేర్చుకునేవాళ్ళు ఛత్తీస్‌గఢీ, ఒడియా ఆడవాళ్ళు, ఇద్దరు మనవాళ్ళు. బిల్లులు కొట్టడం వస్తే ఫ్యాక్టరీ గేటు ఆఫీసులో నీడపట్టున ఉద్యోగం దొరుకుతుంది. లేకపోతే నెత్తిన తట్ట. అందుకే వస్తారు. పాఠం మధ్యలో మిషన్ ఆగి ఆ రోజు పోతే, పని మానుకుని వచ్చిన పూట కూడా పోతుంది.

చచ్చిపోయే మిషన్ తన ఆఖరి మాటలు సొంత డిస్కు మీద రాసుకోలేదు, అంత వ్యవధి ఉండదు. కానీ వైరు గుండా పక్క మిషన్‌కు చెప్పగలదు. ఎనిమిదింటినీ వైర్లతో కలిపి, అవి ఏం చెప్పినా నా లాప్‌టాప్ వినేలా ఏర్పాటు చేశాను. తర్వాత అందరినీ నిలబెట్టి ఒకే ఒక్క నియమం చెప్పాను. మిషన్ ఆగిందా, స్విచ్ జోలికి వెళ్ళొద్దు. చేతులు వెనక్కి పెట్టుకుని పిలవండి.

ఇక ఆగడమే ఆలస్యం అని కూర్చున్నాం. ఆగలేదు. టీలు తాగాం, సమోసాలు తిన్నాం, ఆగలేదు. సాయంత్రానికి ఆ ఆడవాళ్ళకే సిగ్గేసింది. రోజూ ఏడిపించే మిషన్లు నా ముందు బుద్ధిగా పనిచేస్తున్నాయి. ఫూల్‌బాయి అనే ఆవిడ నన్ను ఓదార్చింది కూడా, ఆగిపోతాయిలే మేడమ్ అని.

రెండో రోజూ అంతే. మా పెద్దమనిషి ఇది చూస్తే ఎంత సంతోషిస్తాడో తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. సెలవు అయిపోతోంది. పద్మ గోడ మీది క్యాలెండర్ వైపు చూడటం మానేసింది.

అంగూఠా డబ్బా

దారి చూపించింది ఒక చిన్న ప్రశ్న. మూడో రోజు కాస్త ఆలస్యంగా వచ్చిన ఫూల్‌బాయి, బొటనవేలు చూపిస్తూ పద్మను ఛత్తీస్‌గఢీలో అడిగింది. "ఆజ్ ఘలో హాజిరీ నఇ లగాబో?" ఇవాళ కూడా హాజరు వెయ్యమా అని.

"ఏ హాజరు?" అన్నాను.

పద్మ ముఖం ఎర్రబడింది. "అదేటీ కాదక్కా. అంగూఠా డబ్బా. ఎంతమంది వస్తన్నారో లెక్క చూపాలనీసి సేఠ్ ఇచ్చినాడు. పగిలిపోయి టేపేసి ఉంది. మీ ముందు బాగోదని బీరువాలో ఎట్టీసినాను."

"రోజూ వాడతారా?"

"రోజూనే. కానీ దానికీ మిషన్ ఆగడానికీ ఏటి సంబంధం?"

నా కోసం చేసిన అలంకారాలేవీ వద్దని బల్లల మీది ప్లాస్టిక్ పూలన్నీ తీసి కింద పడేయించాను. డబ్బా బయటికొచ్చింది. బొటనవేలు ఆన్చితే గుర్తు పట్టే చిన్న పరికరం, వైరుతో కంప్యూటర్‌కు తగిలించేది. గదికంతటికీ ఒక్కటే. రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యమన్నాను. మొదటి ఆవిడ దాని వైరు మిషన్‌కు గుచ్చింది, వేలు ఆన్చింది, లాగేసింది, తాంబూలం పళ్ళెం అందించినట్టు పక్కావిడకు అందించింది. ఆవిడ గుచ్చింది, ఆన్చింది, లాగింది. దాని దీపం ఇంకా వెలుగుతుండగానే లాగుతున్నారు, పక్కావిడ చెయ్యి చాచి ఉంటుంది కదా. ఎనిమిది మిషన్ల మీదుగా వరస అలా సాగింది. ప్రపంచంలో మా సిస్టమ్ రాసేవాళ్ళలో ఎవరింట్లోనూ ఒక పరికరాన్ని ఇలా చేతులు మార్చుకుంటూ పోరు. ఎవరిది వాళ్ళకుంటుంది. గుచ్చితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

కాసేపు పాఠం నడిచింది. ఉన్నట్టుండి ఫూల్‌బాయి మిషన్ బిగుసుకుపోయింది.

ఆమె చెయ్యి స్విచ్ మీదకు వెళ్ళిపోయింది. ఇన్ని నెలల అలవాటు. ఆగితే పద్మ చూసేలోపు ఆపి మళ్ళీ వెయ్యాలి, తన వల్లే పాడైందని ఎవరూ అనకుండా. "ఝన్ ఛువవ్," అంది పద్మ గట్టిగా, ముట్టుకోవద్దని. చెయ్యి గాల్లో ఆగి, మెల్లగా వెనక్కి వెళ్ళింది. నా లాప్‌టాప్ మీద అక్షరాలు వరసలు వరసలుగా దిగాయి. అందులో అంగూఠా డబ్బాను చూసుకునే ప్రోగ్రాం పేరు కనిపించగానే నేను పద్మను కావిలించుకున్నాను. నా చుడీదార్ నుసంతా ఆమె చీరకు అంటుకుంది.

సంగతి ఇది. డబ్బాను లాగేశాక కూడా ఆ ప్రోగ్రాం అది ఇంకా ఉందనుకుని, కంప్యూటర్ మెమరీలో దానికోసం కేటాయించిన చోటునే తడుముతుంటుంది. సిస్టమ్ ఆ చోటును ఇంకో పనికి ఇచ్చేసిన క్షణాన మొత్తం కూలిపోతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన వాళ్ళ కోసం కొత్తగా దిగినవాళ్ళ ఇంట్లోకి తోసుకుపోయినట్టు. అందుకే ఒకసారి వెంటనే, ఒకసారి గంట తర్వాత ఆగేది. అందుకే పాపం ఎవరికీ రెండిటికీ ముడి దొరకలేదు.

ఫిర్యాదు పద్మే రాసింది, తన పేరుతోనే. ఏం చేశాం, ఏ వరసలో చేశాం, డబ్బా మీద ఏం అచ్చేసి ఉంది, సిస్టమ్ ఎన్నో కూర్పు, మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఆగిందని. మిషన్ ఆఖరి మాటలు ఒక్క అక్షరం తీసెయ్యకుండా జత చేసింది. మధ్యలో ఒకసారి, "ఈ అంకెలన్నీ ఫాల్తూ కదక్కా, తీసీసి నీట్‌గా ఎట్టీనా?" అని అడిగింది. నేను చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే జవాబు. అదే పెద్దమనిషి. అద్భుతమైన ఫిర్యాదట, ఇలాంటివి అరుదట, సవరణ సిద్ధం చేశాడట, కాస్త పరీక్షించి చెబుతారా అట. ఇదంతా ఎవరికి రాశాడు? నాకు. పైన పద్మ పేరు అంత లావు అక్షరాల్లో ఉంటే, మర్యాదంతా నాకు చేశాడు. ఫిర్యాదు చేసింది ఆవిడ, ఆవిడనే అడగండి అని ఒక్క వాక్యం కొట్టాను. ఇంకా చాలా కొట్టి చెరిపేశాను. ఒక గంటకు పద్మ పేరు మీద జవాబు వచ్చింది, క్షమించమని కూడా ఉంది. పద్మ అది రెండుసార్లు చదివి, "ముందు సవరణ పని చేస్తాదో లేదో చూద్దాం," అంది.

సేఠ్

నేను సెలవు పొడిగించుకుని అక్కడే ఉండగా, నెలాఖరున సేఠ్ వచ్చాడు, వెనక కొలతల టేపుతో ఒక మనిషి. గదిలో ఎంత సరుకు పడుతుందో చూడ్డానికట. పద్మ వాళ్ళకు కుర్చీలు వేయించి, ఆడవాళ్ళకు సైగ చేసింది. సవరించిన సిస్టమ్ మీద డబ్బా మళ్ళీ వరస తిరిగింది. ఈసారి కావాలనే దీపం వెలుగుతుండగా లాగారు, ఒక్కొక్కరు రెండు మూడు సార్లు. అందరూ బిల్లులు కొట్టడం మొదలుపెట్టారు. సేఠ్ టీ తాగడం పూర్తయింది, ఇంకో టీ వచ్చింది. ఒక్క మిషన్ కూడా ఆగలేదు.

"చల్ తో రహా హై," అన్నాడు సేఠ్. "ఇత్నే దిన్ క్యా తమాషా థా?" నడుస్తోందిగా, మరి ఇన్నాళ్ళూ ఈ తమాషా ఏమిటని.

నాకు నోటిదాకా వచ్చింది. పద్మ నా వైపు చూడకుండా, చేతులు కట్టుకుని హిందీలోనే నిదానంగా చెప్పింది. "తమాషా ఆప్‌కే డబ్బే కా థా, సేఠ్‌జీ." తమాషా మీ డబ్బాదేనండి అని.

సేఠ్ డబ్బా వైపు చూశాడు, దాని టేపు వైపు చూశాడు, తలెత్తి చూస్తున్న ఎనిమిది ముఖాల వైపు చూశాడు. కొలతలాయన టేపు సగం లాగి ఆగిపోయాడు. "ఠీక్ హై, కమ్రా రఖో," అని లేచాడు సేఠ్, సరే, గది ఉంచుకోమని. తప్పయిందన్న మాట లేదు, ఆ డబ్బా వల్ల పోయిన నెలల సంగతి లేదు. గది ఇవ్వడమే మహా ఉపకారమన్నట్టు మెట్లు దిగాడు. నేను పళ్ళు నూరుకుంటుంటే ఆ ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

తిరిగొచ్చాక

మొన్న సాయంత్రం బీర్‌గావ్ నుంచి కొత్త ఫిర్యాదు వచ్చింది. ఇది వేరే జబ్బు. తెర పూర్తిగా కనిపించే ఫోటో, కూర్పు సంఖ్య, తగిలించి ఉన్న పరికరాల పేర్లు, పాత ప్రింటరు, దాని వెనక నల్ల నుసి, అన్నీ ఉన్నాయి. నేను సరిచేయాల్సింది ఏమీ లేదు. చివర పద్మ ఇలా రాసింది:

"ఫూల్‌బాయి బిల్లు ప్రింటు కొట్టగానే ఆగినాది. మిషన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఎవలూ ముట్టుకోలేదు. ఇంకేటి కావాలో అడగండి, చూసి చెప్తాం. మీరు అడిగేదాకా స్విచ్ ఆపం. మేం ఇక్కడే కూకొని ఉన్నాం."